తవుడుకు అమ్మిన బిడ్డ పేరు జార్జి

గుడియాత్తం

అక్క సరోజమ్మకు నీ తమ్ముడు మునిరత్నం దండం పెట్టి రాసే జాబు. ఇక్కడ మేమంతా బాగుండాము, బిడ్డ కూడా బాగుండాడు. అమ్మకు కళ్ళు ఎట్లుండాయి? బావకు మోకాలి నొప్పి ఊరికే వస్తాదా, పని చెప్పినప్పుడే వస్తాదా?

నా పని నడస్తా ఉండాది. పొద్దున్నే పాసింజరెక్కి, లత్తేరి దాటి, కాట్పాడిలో దిగి రాయవేలూరికి పోతాను. తోలు సరుకు ఫారిన్‌కు పంపే ఒకాయన బంగళా కడతా ఉండాడు. మెట్లకు కూడా పాలరాయంట. రేపు జారి పడితే మేస్త్రీని తిడతాడు. ఎండ సంగతి చెప్పేదానికి లేదు, ఇటుక పట్టుకుంటే చెయ్యి కాలతాది. సంగటి తిని ఎన్నాళ్ళయిందో. మీ ఊరి బస్సు బోర్డు కనిపిస్తే నిలబడి చూస్తా ఉంటాను, కండక్టరు ఎక్కమని తిట్టేదాకా.

నీ జాబు అందింది. జార్జి అనే పేరు తీసేసి, మన నాయన పేరు పెట్టుకోని వస్తేనే గడప తొక్కమని అమ్మ అనిందంట. దానికే ఈ జవాబు. అమ్మకు మొత్తం చదివి వినిపించు, నడమన నిలపొద్దు.

నా కోడలు లలితకు మొదటి మగబిడ్డ పుట్టినప్పుడు నాయన పేరే కదా పెట్టినాం, గంగప్ప అని. నిలవలేదు. రెండోవాడికీ అదే పేరు. వాడూ నిలవలేదు. రెండు తూర్లు నాయన పేరు పెట్టినాం, రెండు తూర్లూ నాయన వచ్చి పిలుచుకోని పోయినాడు. మూడోవాడు పుట్టినప్పుడు లలిత బిడ్డ ముఖం చూసేదానికే భయపడింది. అప్పుడు నీ మరదలే చెప్పింది, మనోళ్ళు చేసేటట్టు తవుడుకు అమ్మేద్దామని. వేరేవాళ్ళ బిడ్డయితే యముడికి ఆనవాలు దొరకదు కదా.

కొనింది పక్కింటి రోజమ్మ. కిరస్తానామె. మొగుడు పోయినాడు, బిడ్డల్లేరు, బీడీలు చుట్టి బతికేది. తెలుగు వచ్చు గాని సగం అరవమే. చాటలో తవుడు తెచ్చింది. నేను ఊరుకోకుండా, "ఏం రోజమ్మా, ఈ తవుడులో పురుగులుండాయే, బేరం కుదరదు" అన్నాను.

"నీ బిడ్డ మాత్రం పయిల్వానా మేస్త్రీ? చీమ మాదిరి ఉండాడు. సరిపోతాది తే" అనింది.

కొన్నామెదే పేరు పెట్టే హక్కు. ఆమె ఆలోచించనే లేదు, జార్జి అనింది. కొడుకు పుడితే పెడదామని పెళ్ళయిన కొత్తలో అనుకున్న పేరంట. కట్టని చీర మాదిరి అట్లే ఉండిపోయింది.

నాకూ ఆ పేరు నవ్వుగానే ఉండేది. మా వీధిలో "జార్జీ" అని కేకేస్తే నాలుగు ఇండ్లలోనుంచి తలలు బయటికొస్తాయి. పొద్దుపోకుంటే కేకేసి గోడ చాటున దాక్కునేవాణ్ణి. తర్వాత చర్చి గోడకు పూత పూసేటప్పుడు పాదిరిని అడిగినాను. అది గ్రీకు దేశం మాట, నేల దున్నేవాడని అర్థం అన్నాడు. ఆ పేరుగలాయన పూర్వం సిపాయంట. దేవుణ్ణి వదిలిపెట్టమని రాజు చెప్తే వినలేదని తల తీసేసినారంట. గుర్రమెక్కి ఈటెతో పెద్ద పామును పొడిచినట్టు పటం ఉండాది, చూస్తే మన ఊరి కావలి దేవుడు మునీశ్వరుడే. ఆ పేరు దేశదేశాలు పోయింది. మలయాళం నర్సులు దాన్నే వర్గీసు అంటారంట. ఇంగ్లాండు రాజులూ పెట్టుకున్నారు. అమ్మ పెట్టెలో వెండి రూపాయి మీద గడ్డం దొర ఉండాడే, ఆయన కూడా జార్జే. ఏడాదికొక తూరి పసుపు కుంకం పెట్టి అమ్మ దండం పెట్టేది ఎవురికో ఇప్పుడు తెలుసుకోమను. నేల దున్నేవాడు అంటే మన నాయన కాదా?

బిడ్డ నిలిచినాడు. రోజమ్మ బీడీలు చుట్టేది పక్కకు పెట్టి వాణ్ణి కాళ్ళ మీద పండబెట్టుకోని నీళ్ళు పోసేది. తవుడు తిరిగిచ్చి కొనుక్కుంటామని, అమ్మ తొందర పెడతా ఉందని చెప్తే, "అన్నం ముట్టించే పొద్దు తీసుకోండి మేస్త్రీ, అంతవరకు ఉండనీ" అనింది. సరేనన్నాము.

పోయిన నెలలో రోజమ్మ పోయింది అక్కా. రెండు దినాలు జ్వరం, అంతే. అమ్మినోళ్ళం ఉండాము, కొన్నామె లేదు. ఎవురి దగ్గర తిరిగి కొనేది?

సమాధి దగ్గర పాదిరి, సొంతవాళ్ళు ముందుగా మన్ను వెయ్యండి అన్నాడు. ఎవురూ కదల్లేదు. లలిత బిడ్డను నా చేతికిచ్చి, "మామా, వీడు ఆమె కొడుకే కదా" అనింది. వాడి పిడికిలి విప్పి మన్ను పెట్టినాను. వాడు నోట్లో పెట్టుకోబోయినాడు. చెయ్యి పట్టుకోని నేనే వేయించినాను. యాడ చూసినా నవ్వేవాణ్ణి, ఆ పొద్దు నాకు ఇంటికి దోవ కూడా కనపడలేదు.

కొడుకు చెయ్యాల్సింది చేసినాడు. ఇప్పుడు ఆ పేరు ఎట్లా తీసేది? తీసేస్తే బిడ్డకు ఏమన్నా అవుతాదని లలిత అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నా కొడుకు శేఖరు బిడ్డ పక్కనే కూర్చోనుంటాడు. అమ్మ ఒళ్ళో ఉన్నంతసేపు గంగప్పా అని పిలుచుకోమను, మేము వద్దనం. వాడు పలక్కుంటే కోపం తెచ్చుకోవద్దని చెప్పు.

వచ్చేటప్పుడు బావకు లుంగీ తెస్తాను. అమ్మ పాదాలకు నా దండాలు, లలిత దండాలు. బిడ్డను దీవించమని అడుగు.

అన్నం ముట్టించేది మన దేవర గుడిలోనే అని ఆశ పెట్టుకోనుండాము. రావచ్చో లేదో వెంటనే రాయి. వద్దంటే వద్దనే రాయి అక్కా, దాచొద్దు. లలితకు తెలుగు అక్షరాలు రావు, జాబు చదివి వినిపించేది నేనే. అమ్మ రమ్మనిందనే చదువుతాను.

నీ తమ్ముడు
మునిరత్నం