కుడి అంచున గొడుగు

శ్రీవారికి మీ ఇల్లాలు రాస్తున్నది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, గోడ మీది బల్లీ క్షేమం. మీరూ క్షేమమేనని రాశారు. ఆ మాట దగ్గరే నాకు అనుమానం. సగం చదివి మడిచి జేబులో పెట్టుకోకండి, చివరిదాకా చదవండి.

ముందు మీరడిగినవి. నీళ్ల మోటారు బాగైంది. అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గింది, నా మీద సణుగుడు తగ్గలేదు. "రోజంతా ఆ కంప్యూటర్ ముందు గడ్డి పీకుతూ కూర్చుంటావు" అంటారు. "పీకడం కాదత్తయ్యా, అతుకుతున్నాను" అన్నాను. మూతి ముడుచుకున్నారు.

హోటలాయన హాలు గోడకి అడిగిన పొలాల పొడుగు బొమ్మ ఎంతవరకు వచ్చిందన్నారు కదా. రాలేదు. మీరు ముక్కలు ముక్కలుగా తీసి పంపిన ఫోటోలు ఒకదానితో ఒకటి అతకట్లేదు. ప్రతి ఫోటోలో మూడోవంతు పక్కదానితో కలిసేలా తీసే మనిషి మీరు. ఈసారి ఈ గట్టు ఆ గట్టుతో కలవదు. ఒకచోట గేదెకి తల ఉంది, ఒళ్లు లేదు. అలసిపోయారేమోలే అనుకుని, కిందా మీదా పడి సరిచేస్తూ కూర్చున్నాను.

అప్పుడు కనిపించింది గొడుగు. పసుపు రంగు గొడుగు, దాని కింద ఒకావిడ. మొక్కజొన్న చేను ఫోటోలో కుడి అంచున. వాగు ఫోటోలోనూ కుడి అంచునే. మీరు చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఏవండీ, ఎవరావిడ? అక్కడి గది తలుపు కిర్రుమంటోందని కూడా రాశారు, ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు!

నా ఒళ్లు మండిపోయింది. అత్తయ్యకి చూపిస్తే "మావాడు అలాంటివాడు కాదు" అన్నారు. తర్వాత కళ్లజోడు తెచ్చుకుని, నన్ను పక్కకి జరిపి మరీ చూశారు. "మనిషి బాగానే ఉంది" అన్నారు పైగా!

ఇంతసేపూ చెప్పనిది ఇప్పుడు చెప్పేస్తాను. కోపంకొద్దీ ఆవిడని ప్రతి ఫోటోలోంచీ చెరిపేశాను. చెరిపినచోట గడ్డి పరిచాను. పరుస్తుంటే ఆవిడ కాళ్ల దగ్గర మీ కెమెరా సంచీ కనిపించింది, జిప్పు తెరిచి. ఇంకోదాంట్లో ఫోటో అంచుకి సగానికి తెగిన కరెంటు స్తంభం. అన్నీ కుడివైపే. ఎడమవైపు మాత్రం ఎప్పటిలాగే వంక పెట్టడానికి లేదు.

నా చెయ్యి ఆగిపోయింది. ఫోటోలో దూడ తోక పడినా అదిలించి, అది పోయేదాకా నిలబడే మనిషి మీరు. దాచుకోవాలనుకున్న ఆడమనిషిని ఫోటోలో వదిలేస్తారా? మీరు వదిలెయ్యలేదండీ. మీకు కనబడలేదు. ఆవిడా కనబడలేదు, స్తంభమూ కనబడలేదు.

కిందటిసారి వచ్చినప్పుడు కుడి భుజం గుమ్మానికి కొట్టుకుంటే "ఈ గుమ్మం మరీ ఇరుకు" అన్నారు. పళ్లెంలో కుడివైపు కూర ముట్టకుండా లేస్తే, నా వంటకి వంక పెట్టారని పోట్లాడాను. ఎంత పిచ్చిదాన్ని! ఏడుపొచ్చింది, ఏడ్చాను. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

ఆ గొడుగావిడ మిమ్మల్ని గట్లు దాటిస్తోందేమో. అదే అయితే, చెరిపేసినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పండి. కాకపోతే ఆవిడ సంగతి వచ్చి తేలుస్తాను. మిమ్మల్ని మాత్రం ఊరికే వదలను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లే ఉంటారు. ఏమన్నాడో నా దగ్గర దాస్తున్నారు. నాకు చెప్పకపోతే తగ్గిపోతుందా?

బస్సు టిక్కెట్టు తీసుకున్నాను. ఈ ఉత్తరం వెనకే నేనూ దిగుతాను. అత్తయ్యని పక్కింటివాళ్లు చూసుకుంటామన్నారు. ముందు డాక్టరు, తర్వాత ఆ చేలన్నీ మళ్లీ తీద్దాం. కెమెరా స్టాండు మీరే పెట్టండి, మీట మీరే నొక్కండి. కుడివైపు నేను నిలబడతాను. ఫోటోలో పడితే పడతాను. చెరిపేదాన్ని నేనే కదా, చెరపను.

ఇట్లు,
మీ కుడిపక్కన ఉండబోయే
మీ భార్య