నల్లబండపాడు స్టేషన్లో మోగని గంట

నల్లబండపాడు,
ఫిబ్రవరి 3, 2025.

రైల్వే ఇంజనీరు భవానీప్రసాద్ గారికి, దుర్గాంబ నమస్కరించి రాస్తున్నది.

మూతపడిన మా స్టేషన్ గోడకు మీవాళ్లు మొన్న కాగితం అంటించారు: 'వాడకంలో లేని కట్టడం. కూల్చివేయబడును.' అందుకే ఈ ఉత్తరం. ఈ స్టేషన్ చరిత్ర మీకెవరూ చెప్పినట్టు లేదు.

ప్యాసింజరు నడిచిన రోజుల్లో, పొద్దున బండికి దిగిన పెళ్లివారు మధ్యాహ్నం బండికి వెళ్లిపోయేవారు. ఊళ్లోకి వస్తే నలుగురి కంటా పడతారు, సంబంధం తప్పితే పిల్లకు మాట వస్తుంది. అందుకని పెళ్లిచూపులు వెయిటింగ్ రూములోనే పెట్టుకున్నాం. మాకూ అదే ఆచారం, టీకొట్టు జాన్‌బాషా వాళ్లకూ అదే. మాకు నచ్చకపోతే నేను తల ఊపుతాను. జాన్‌బాషా గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో మోగించి, "బండి టైమయిందండీ" అంటాడు. వాళ్లు లేస్తారు. ఎవరూ ఎవరినీ ఒక మాట అనక్కర్లేదు.

బండి మానేసి పదిహేనేళ్లయింది. ఆచారం మానలేదు. కార్లలో వచ్చినవాళ్లు కూడా గంట వినగానే లేస్తున్నారు. కనుక స్టేషన్ వాడకంలో ఉంది. కాగితం తీయించండి.

ఇట్లు,
దుర్గాంబ

తా.క.: గంట మోగకపోతే సంబంధం నచ్చినట్టు. మా అమ్మాయి చూపులప్పుడు నేను తల ఊపాను, జాన్‌బాషా నిద్రపోయాడు. అల్లుడు మంచివాడే.

---

ఫిబ్రవరి 7

దుర్గాంబ గారికి,

మీ ఉత్తరం అందింది. నిబంధనల ప్రకారం టిక్కెట్టు అమ్మని స్టేషన్ వాడకంలో లేనట్టే. అయినా 13న స్వయంగా వచ్చి పరిశీలిస్తాను.

భవదీయుడు,
భవానీప్రసాద్

తా.క.: రైల్వే ఆవరణలో బయటివారు గంట కొట్టరాదు. నేను వచ్చినప్పుడు కొట్టకుండా చూడగలరు.

---

ఫిబ్రవరి 14

భవానీప్రసాద్ గారికి,

నిన్న మీరు వస్తూనే తూర్పు బల్ల మీద కూర్చున్నారు. అది పెళ్లికొడుకు బల్ల. పాత ఫొటోలు చూపించడానికి వచ్చిన మా మనవరాలు రాజ్యశ్రీ టీ ఇస్తే తాగారు. "ఏం చదువుకున్నారండీ?" అని అడిగారు. "ఎమ్మెస్సీ లెక్కలండి. నందిగామలో పాఠాలు చెప్తున్నా" అంది. తర్వాత మీరు గోడ తట్టి, "పడగొట్టాల్సిందే" అన్నారు. నేను వెంటనే తల ఊపాను, రెండుసార్లు. గంట మోగలేదు. జాన్‌బాషా మళ్లీ నిద్రపోయి ఉంటాడు. మీరు మాత్రం "అన్నీ చూసుకుని కబురు చేస్తానండి" అని వెళ్లారు. పెళ్లికొడుకులందరూ అనే మాటే అది.

ప్లాట్‌ఫారం మీద మిరపకాయలు ఎండబెడుతున్న రత్తమ్మ ఊరంతా చాటింది: "గంట కొట్టద్దని ముందే కాయితం రాసుకుని మరీ వచ్చాడమ్మా పిల్లోడు! ఎంత ఆశో!"

దీనికి మీ సమాధానమేమిటి?

ఇట్లు,
దుర్గాంబ

తా.క.: మీరు నాలుగు కోవాబిళ్లలు తిన్నారు. వద్దనుకునేవాళ్లు ఒకటి తిని ఆపుతారు.

---

ఫిబ్రవరి 19

దుర్గాంబ గారికి,

నేను కొలతలకు వచ్చానండి. రెండో బల్ల నిండా మిరపకాయలున్నాయి కాబట్టి తూర్పు బల్ల మీద కూర్చున్నా. రాజ్యశ్రీ గారు పంచాయతీ ఉద్యోగి అనుకున్నా. చదువు అడిగింది సాక్షి సంతకం కోసం.

మీ రత్తమ్మ గారు కంచికచర్ల బస్సంతా ఈ సంగతి చెప్పారట. ఆ బస్సులో మా అమ్మ ఉంది. "నాకు చెప్పకుండా పిల్లను చూసొచ్చావట్రా!" అని రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. దయచేసి నిజమేమిటో మీరే రాయండి. కూల్చివేత రిపోర్టు నెలాఖరులోగా పంపాలి.

భవదీయుడు,
భవానీప్రసాద్

తా.క.: ఆ టీలో అల్లం వేసిందెవరు? ఊరికే, రికార్డు కోసం.

---

ఫిబ్రవరి 24

చిరంజీవి భవానీప్రసాద్‌కు దుర్గాంబ ఆశీస్సులు.

నిజం రాయమన్నావు, రాస్తున్నాను. మీ అమ్మగారు నిన్న మా స్టేషన్‌కు వచ్చారు. ఆ బల్ల మీదే కూర్చుని రాజ్యశ్రీతో చాలాసేపు మాట్లాడారు. రైల్వే ఇంజనీరు తల్లే కోడలిని చూసుకున్న చోటు వాడకంలో లేదని ఇప్పుడు ఏ చేత్తో రాస్తావు?

రాజ్యశ్రీని అడిగాను. "మా అమ్మా నాన్నా ఒకరినొకరు చూసుకున్న గది అమ్మమ్మా. దాన్ని పడగొట్టేవాణ్ని నేను చేసుకోను" అంది. న్యాయమే. అల్లం వేసింది కూడా తనే.

ఇక జరగవలసినవి:

1. స్టేషన్ వాడకంలో ఉందని రిపోర్టు రాయాలి. మా పిల్ల కోసం కాదు, అది నిజం గనక.
2. కాగితం అంటించినవాళ్లే వచ్చి పీకాలి. గోడ సున్నం ఊడకూడదు.
3. ఆదివారం నువ్వు మళ్లీ రావాలి. కొలతల టేపు తేవద్దు.
4. సుత్తి జాన్‌బాషాకు చేరాలి. నువ్వు వచ్చినవేళ అతను నిద్రపోలేదట. నేను తల ఊపగానే లేచాడు, చూస్తే సుత్తి లేదు. ఇవాళ అది రాజ్యశ్రీ హ్యాండ్‌బ్యాగులో దొరికింది.