ఇస్త్రీపెట్టె పార్కుకు ఐదు వేసిన సంగతి

నగర ఉద్యానవనములు, వినోద స్థలముల విభాగపు ప్రధాన అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉద్యానవనముల అభివృద్ధి ప్రాధాన్య పట్టికలో త్రికోణ స్థలం నంబరు 14 పొరపాటున చివరి స్థానమున చేరుట – సదరు పొరపాటు ఈ అర్జీదారుడిదే అగుట – సోమవారం లోపల సరిదిద్దవలెనని ప్రార్థించుట – గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ముప్పై ఆరు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాడను. సదరు త్రికోణ స్థలమునకు వెనుక వీధిలో, రెండంతస్తుల ఇంటి కింది వాటాలో, భార్యతోను కుమార్తెతోను నివసించుచున్నాను. రెండు రోడ్లు కలియుచోట మిగిలిపోయిన ముక్క అగుటచేతను, ముందు సన్నగాను వెనుక వెడల్పుగాను ఉండుటచేతను, దానిని మా వీధిలో పిల్లా పెద్దా ఇస్త్రీపెట్టె పార్కు అందురు. తమ రికార్డులలో ఆ పేరు దొరకదు. అందులో రెండు సిమెంటు బెంచీలు, ఒక కుళాయి, ఒక ఊయల కలవు. కుళాయి పనిచేయదు. తక్కినవి బాగున్నవి.

2. గత నెలలో తమ విభాగము వారు మా వార్డులోని ఐదు స్థలముల పేర్లు, అనగా ఆటల మైదానము, ఈతకొలను, నడక బాట, వ్యాయామశాల, మా త్రికోణ స్థలము, ఒక కాగితముపై అచ్చువేసి ఇంటింటికీ పంచి, "మీ ప్రాధాన్యమును 1 నుండి 5 వరకు అంకెలలో సూచింపుడు" అని కోరియున్నారు. జనము దేనిని ముందు కోరుకొందురో దానికి ముందుగా మరమ్మతులు, మొక్కలు, దీపములు. చివర వచ్చినదానిని మూసివేసి ఇతర అవసరములకు మళ్లింపు. పద్ధతి బాగున్నదని నేనే నలుగురికీ చెప్పినాను.

అయ్యా, ఇక్కడే కొంప మునిగింది.

ముప్పై ఆరేళ్లు మార్కులు వేసిన చెయ్యి ఇది. ఐదు అంటే ఐదుకు ఐదు అనుకొన్నాను. ఎర్రటి ఎండలో రెండువందల పన్నెండు ఇళ్లు తిరిగాను. "మన పార్కుకి ఐదు వెయ్యండమ్మా, ఐదు! అర మార్కు కూడా తగ్గించొద్దు. ఆ నీళ్లు లేని ఈతకొలనుకి ఒకటి చాలు" అని గుమ్మం గుమ్మానికీ చెప్పాను. మూల ఇంటి కుట్టుమిషను ఆవిడ ఒక్కతే, "మాస్టారూ, ఒకటంటే ఫస్టు కదండీ?" అని అడిగింది. ఆవిడ ఒకప్పుడు నా దగ్గరే చదువుకొంది. "నీకు అప్పుడూ ఇదే తొందర, ఇప్పుడూ ఇదే తొందర" అని నవ్వి, వేసిన అంకె కొట్టివేయించి ఐదు వేయించాను.

కాగితం వెనుక వైపున, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాలతో "1 – అత్యధికము, 5 – అత్యల్పము" అని ఉన్నది. నేను తిప్పి చూడలేదు. ప్రశ్న రెండుసార్లు చదవండి, కాగితం వెనక్కి తిప్పి చూడండి అని ఏటా పరీక్షల ముందు గొంతు చించుకొన్నవాడిని, తిప్పి చూడలేదు.

3. తత్ఫలితముగా మా స్థలమునకు 206 ఐదులు, 6 ఒకట్లు వచ్చి వార్డులో చివరి స్థానము లభించినది. రెండేళ్లుగా చుక్క నీరు లేని ఈతకొలనుకు మొదటి స్థానము లభించినది. దాని చుట్టూ ఇప్పుడు రంగురంగుల దీపాలు పెట్టుచున్నారు, పోయి చూసి వచ్చాను. మా గేటుకు మాత్రము నోటీసు అంటించినారు. అందులో "ఈ స్థలము అనవసరమని ఇంత ఏకాభిప్రాయముతో తెలియజేసిన నివాసులకు విభాగము అభినందనలు తెలుపుచున్నది" అని ఉన్నది. వచ్చే సోమవారము ఊయల స్తంభములు పెరికి, నేల చదును చేసి, చెత్త బండ్లు నిలుపుటకు వాడెదరట.

ఆ ఆరు ఒకట్లు ఎవరివి అని తమరికి సందేహము రావచ్చు. అవి నాతో పడని ఆరు ఇళ్లవారివి. నేను ఐదు అన్నానని పంతానికి ఒకటి వేసినారు. వారిలో టైర్ల షాపతను నన్ను నడిరోడ్డు మీద ఆపి, "చూశారా మాస్టారూ, మీ పార్కు ఉండాలని ఓటేసిన మొనగాణ్ణి నేనే!" అని పగలబడి నవ్వినాడు. తరువాత నా ముఖము చూసి ఏమనుకొన్నాడో, కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినాడు. "పోనీ నేనూ వస్తా పదండి ఆఫీసుకి" అన్నాడు. వచ్చినాడు కూడా.

4. తమ కార్యాలయములో పట్టికల గుమస్తా గారు మమ్ములను మర్యాదగానే చూసినారు. కాని ఆయన అన్న మాట ఇది: "మాస్టారూ, ప్రజాభిప్రాయం కంప్యూటర్లోకి ఎక్కిపోయింది. ఎక్కించడం వరకే నా పని. దించడం నా చేతుల్లో లేదు."

"అందరూ తలకిందులుగా వేశారయ్యా. ఐదుని ఒకటిగా చదువుకుంటే సరిపోతుంది."

"రెండువందల ఆరుమందీ తప్పు చేశారంటారా?"

"కాదు. నేనొక్కణ్ణే చేశాను. వాళ్లు నా మాట విన్నారు."

"అయితే ఆ ముక్కే రాసివ్వండి. పెద్దసారు దగ్గర పెడతాను."

అందుచేత ఈ అర్జీ వ్రాయడమైనది. తప్పు నాదే అని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. ఎక్కడ సంతకము పెట్టమన్నను అక్కడ పెట్టుదును.

5. ఇది మొదటి అంశముగా వ్రాయవలసినది. కలము ముందుకు సాగలేదు.

నా కుమార్తె వయస్సు ముప్పై ఒకటి. మేము అమ్మడు అని పిలుస్తాము. మనిషి నా అంత ఎత్తు. డాక్టర్లు మాత్రం బుద్ధికి నాలుగేళ్లు అంటారు. నాలుగు మాటలు వచ్చు, అవి కూడా ఇష్టముంటేనే. రోజూ మధ్యాహ్నము పన్నెండున్నరకు ఊయల ఎక్కితే ఒంటిగంటకు దిగుతుంది. ఆ అరగంట అయితే సాయంత్రము వరకు ఇల్లు ప్రశాంతము. ఆ అరగంట లేకపోతే గోడకు తల కొట్టుకుంటుంది. మేము మధ్యాహ్నమే ఎందుకు తీసుకువెళ్తామని తమరు అడగవచ్చు. ఎండవేళ పార్కులో పురుగు కూడా ఉండదు. చూసేవాళ్లు ఉండరు. అంతే.

తమ విభాగము వారు ఓట్ల కాగితములు పంచుటకు ముందు, ఎవరెవరు ఏ వేళ వచ్చుచున్నారో వ్రాసుకొనుటకు ఒక అమ్మాయిని పంపినారు. చేతిలో అట్ట, మెడలో గుర్తింపు కార్డు. పన్నెండున్నరకు ఊయల మీద మా అమ్మడు ఒక్కతే ఉన్నది. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అంకుల్, ఊయలకి పన్నెండేళ్ల లోపు పిల్లలు అనే గడి ఒక్కటే ఉంది. ఈ అక్కని ఎక్కడ రాయను?" అని మెల్లగా అడిగింది.

నేను అటూ ఇటూ చూసి, "రాయకమ్మా, వదిలెయ్. తను లెక్కలోకి రాదు" అన్నాను.

"పక్కన ఇతరులు అని రాసేస్తాను అంకుల్, ఏం పర్లేదు" అన్నది పాపం. వద్దంటే వద్దన్నాను. ఆ మాట అన్న నా నోరు పడిపోను. తమ పట్టికలో "మధ్యాహ్న వేళ వినియోగదారులు: లేరు" అని ఉన్నది. అది వ్రాసినది ఆ అమ్మాయి కాదు. నేను. కన్న కూతురిని లెక్కలో నుంచి నేనే కొట్టివేయించాను, సిగ్గుపడి.

6. గేటుకు తాళము వేసి నేటికి పదకొండు రోజులు. రోజూ పన్నెండున్నరకు అమ్మడు చెప్పులు చేత పట్టుకొని తలుపు దగ్గర నిలబడుతుంది. తీసుకువెళ్తాము. తాళము చూపిస్తాము. తాళమును ముద్దు పెట్టుకుంటుంది, గుద్దుతుంది, ఏడుస్తుంది. ఇంటికి వచ్చిన తరువాత జరిగేది నేను వ్రాయను. మా ఆవిడ పాత బొంతలు రెండు గోడకు మేకులు కొట్టి బిగించింది.

మొదట మేమిద్దరము చెరో చెయ్యి పట్టుకొని హాలులో ఊపినాము. నాకు అరవై తొమ్మిది, మా ఆవిడకు అరవై ఐదు, అమ్మడి బరువు అరవై కిలోలు. మొన్న మా ఆవిడ చెయ్యి పట్టు తప్పింది. అమ్మడు పడి మోచేయి చీరుకుపోయింది. దెబ్బ తగిలిన పిల్ల ఏడవలేదు, మళ్లీ ఊపమని చేతులు చాచింది. ఏడ్చింది మేమిద్దరమే.

కావున అయ్యా, తమరు దయతో:

(అ) మా స్థలమునకు వచ్చిన ఐదులను ఒకట్లుగా చదువుకొనవలెను. అది కుదరనిచో ప్రాధాన్యము ఏదీ ఇవ్వనక్కరలేదు. మొక్కలు వద్దు, దీపాలు వద్దు, కుళాయి వద్దు. తాళము తీస్తే చాలు.

(ఆ) అదియు కుదరనిచో, చెత్త బండ్లు ఉదయమే వెళ్లి సాయంత్రానికి గాని రావని గుమస్తా గారే చెప్పినారు గనుక, ఊయల ఉన్న మూలను మాత్రము వదిలి తక్కిన స్థలమంతా బండ్లకు ఇచ్చుకొనవలెను. వాసనకు మేము ఫిర్యాదు చేయము. కావలసినచో అది కూడా వ్రాసి ఇస్తాను.

(ఇ) ఏదియు కుదరనిచో, సోమవారము పెరికిన స్తంభములను పాత ఇనుములో పడవేయక మాకు ఇప్పించవలెను. మా హాలు ఎత్తు కొలిచాను, పది అడుగుల రెండు అంగుళాలు. స్తంభము పదకొండు అడుగులు. పై వాటా వారిని వారి నేలకు రెండు రంధ్రాలు వేసుకొంటానని అడిగాను. వారు నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్తామన్నారు. మనిషికి ఇంతకంటే మతి పోదు అని నాకూ తెలుసును. స్తంభములను ఒక్కొక్క అడుగు కోయించుకొంటాను.

నా తప్పునకు శిక్ష నాకు వేయండి. వీధివీధికీ పిలిచి నా చేత గుంజీలు తీయించినా తీస్తాను. అమ్మడు ఏ కాగితములోను ఏ అంకె వేయలేదు.

చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనిచో, ఆదివారము లోపల ఒక్క మధ్యాహ్నము పన్నెండున్నరకు ఆ గేటు దగ్గరకు వచ్చి నిలబడవలెను.

తప్పు ఒప్పుకొన్న తమ విధేయుడు,
ఇస్త్రీపెట్టె పార్కు వెనుక వీధి లెక్కల మాస్టారు

జతపరచినది: 206 ఇళ్లవారి సంతకములు. ఈసారి కాగితము రెండు వైపులా చదివించిన తరువాతే పెట్టించినాను.

సార్, నేను మాస్టారి భార్యని. ఆయన కవరు కొనడానికి వెళ్లారు. ఈలోగా కింద ఖాళీ ఉంటే రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఆయన అన్నీ రాశారు గానీ ఒక్క మాట రాయలేదు. రాయలేరు. అది నేనే చెప్పాలి. మేమున్నన్నాళ్లూ ఎలాగో ఊపుతాం సార్. చేతులు పడిపోతే ఒళ్లో పెట్టుకుని ఊపుతాం. మా తర్వాత ఎవరు?

అమ్మడికి అన్నం నేను కలిపి పెట్టాలి. జడ నేను వెయ్యాలి. చెప్పులు ఆయన తొడగాలి. ఒక్క ఊయల మాత్రం ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఊపక్కర్లేదు. కాళ్లు ముందుకు చాపి, వెనక్కి మడిచి, తనే ఊగుతుంది. మేం దగ్గరికెళ్తే "పో" అంటుంది. దానికొచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. మేమెళ్లి బెంచీ మీద కూర్చుంటాం. ఆయన కళ్లు మూసుకుంటారు, నేను కాళ్లు చాపుకుంటాను.

ఆ అరగంట నా కూతురికి నేను అక్కర్లేదు సార్. నేను పోయినా ఇది బతుకుతుందని నాకు ధైర్యమొచ్చేది ఆ ఒక్క అరగంటే.