ఏలీయా అడిగిన నీళ్లు

మందమర్రి,
శుక్రవారం

పాస్టరు అయ్యగారికి,

ఫోన్ చేస్తే నోరు జారుతుందని రాస్తున్నాను. ఇప్పుడే బొగ్గుబాయి డ్యూటీ దిగి వచ్చాను, అరిచే ఓపిక కూడా లేదు.

ఆదివారం మీరు ఏలీయా ప్రవక్త వాక్యం చెప్పారు. జనం వేరే దేవుళ్లకు మొక్కినందుకే వానలు ఆగిపోయాయన్నారు. అంటూ నన్ను కన్న మా అవ్వ వైపు చూశారు. పక్కింటి లచ్చక్కకు మోకాళ్ల నొప్పులైతే ఆమె బోనాన్ని అవ్వ పోచమ్మ గుడిదాకా మోసింది, అంతే. నిన్న పొద్దటి నుంచి అవ్వ చుక్క నీళ్లు ముట్టలేదు. "నా పాపానికే వాన వస్తలేదు బిడ్డా. పడ్డంకనే తాగుత" అంటోంది. షుగరున్న మనిషి.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకే. అయినా ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివాను. ప్రవక్త తాగే వాగు కూడా ఎండిపోయింది. ఆయనేం పాపం చేశాడు? దేవుడు ఆయన్ని పరాయి దేవుళ్ల ఊరికి, మా అవ్వలాంటి విధవరాలి దగ్గరికే పంపాడు. ఆయన ఆమె పాపం అడగలేదు. ముందు తాగడానికి నీళ్లడిగాడు. అది మీరు చెప్పలేదు.

నా మాట అవ్వ వినదు. "అయ్యగారికన్న నీకెక్కువ ఎరుకనా?" అంటోంది.

ఈ సాయంత్రమే రండి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా తెచ్చుకునే నీళ్ల సీసా తేవద్దు. గడపలో నిలబడి అవ్వను నీళ్లడగండి. మీరడిగితే లేస్తుంది. ఆమె ముందే తాగండి. తర్వాత మా కుండలో మీ చేత్తో ముంచి ఆమెకు ఇవ్వండి.

సమ్మవ్వ కొడుకు