అమావాస్యకో గడి

ఆదివారం, ధర్మవరం, 2006

రైల్వే స్టేషన్‌లో పడుకునే ఇల్లూవాకిలీ లేనివాళ్లకు అన్నం పెట్టే మా సంస్థకు వెబ్‌సైటు చేశాను. వడ్డించడానికి వచ్చేవాళ్లు సోమ, మంగళ అని తమకు వీలైన వారానికి టిక్కు పెట్టాలి. ఈరోజు నెట్ సెంటర్‌లో చూపిస్తే, చీరలు నేసే ఓబులేసన్న దేనికీ టిక్కు పెట్టలేదు.

"వారమంటే యాడ కుదురుతాదప్పా? మా మగ్గం నిలిచేది అమావాస్యకే. ఆ పొద్దు మా వీధోళ్లంతా వస్తాం."

నెలకు దొరికేది ఆ ఒక్క సెలవు. "మరి మీకు విశ్రాంతి ఎప్పుడన్నా?" అన్నాను.

"నెలంతా మగ్గం గుంతలో కూచోనే ఉంటామబ్బా. నిలబడి వడ్డించేదే మాకు సెలవు."

ఇంటికొచ్చి వారాల కింద అమావాస్యకో గడి చేర్చాను. ఓబులేసన్న చెప్పిన వీధివాళ్ల పేర్లు ఎక్కిస్తే ఆ గడి అప్పుడే నిండిపోయింది.

ఆదివారం గడిలోనే ఇంకా ఎవరూ లేరు. ఆదివారం నాకు సెలవే.