తిరగబడ్డ పడవ సంగతి

లెనాక్స్ దీవి, దక్షిణ అమెరికా కొన,
మే నెల, 1892

అమ్మకు,

నీ కొడుకు యెర్కో నీ చేతులు కళ్లకద్దుకుని రాస్తున్నది. ప్రభువు దయవల్ల నేనూ, నాతో ఓడెక్కిన మన ఊరి లోవ్రే ప్రాణాలతో, ఒకే కప్పు కింద ఉన్నాం. నువ్వూ చెల్లీ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఉన్ని బనీను విప్పడం లేదు. ఇక్కడ ఫాదరు లేడు. ఆదివారం లోవ్రే తనకు గుర్తున్నంత ప్రార్థన చెబుతాడు, మరిచిపోయిన చోట దగ్గుతాడు. తిండికి గొర్రెమాంసం, ఆల్చిప్పలు. బంగారమంటావా, తుఫాను వెళ్లాక ఒడ్డున నల్లటి ఇసుక తేలుతుంది. దాన్ని చెక్కతొట్టిలో కడిగితే తవుడంత రేకులు అడుగున మిగులుతాయి, అదీ మాకంటే ముందు ఎవరూ లేవకపోతే. ద్రాక్షతోటకు తెగులు వదల్లేదన్నావు. పాత తీగలు అప్పుడే పీకించకు, ఈ వేసవి చూడు.

లోవ్రే చెయ్యి బాగుపడిందా అని అడిగావు. లేదు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. పార నేను పడుతున్నాను, తొట్టి వాడు ఊపుతున్నాడు. ఆ చెయ్యి గురించే రాయాలి. ఇందాకటినుంచీ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

పోయినవారం మన ఊరి ఫ్రానె ఓడ దిగాడు. నెగడు దగ్గర మనవాళ్లందరి ముందూ లోవ్రే వీపు చరిచి, "ఏరా, యెర్కో లేకపోతే చేపలకి ఫలహారమయ్యేవాడివట కదా. మీ అమ్మ ఊరంతా చెప్పుకుని ఏడుస్తోంది. గుళ్లో వీడి పేరున కొవ్వొత్తి కూడా వెలిగిస్తోంది" అన్నాడు.

నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. లోవ్రే ఒక్క క్షణం నా వంక చూశాడు.

"అవున్రా. వీడే లేకపోతే నేనెక్కడ?" అని కుండలో గరిటె తిప్పుతూ కూర్చున్నాడు.

అమ్మా, వెనకటి ఉత్తరంలో నేను నీకు రాసింది అబద్ధం. పిండిమూటలతో వస్తుంటే పడవ తిరగబడ్డమాట నిజమే. లోవ్రే దాన్ని పట్టుకుని క్షేమంగానే ఉన్నాడు. కొట్టుకుపోయింది నేను. వాడు పట్టు వదిలేసి నా కోసం ఈదుకొచ్చాడు. నేను భయంతో వాడి భుజాలెక్కి వాడినే నీళ్లలోకి తొక్కాను. పైకి రాబోతే మళ్లీ తొక్కాను. ఆ పెనుగులాటలో వాడి చెయ్యి విరిచింది నేనే. అయినా రెండో చేత్తో నా చొక్కా పట్టి ఒడ్డుకు లాగాడు. నీకు రాసేటప్పుడు పేర్లు తారుమారు చేశాను. నాన్న నన్ను పిరికిగొడ్డు అనేవాడు కదా. ఊరు ఒక్కసారి మరోలా అనుకుంటే చాలనిపించింది.

ఫ్రానె వెళ్లాక, "ఎందుకలా అన్నావురా?" అని అడిగాను.

"మా అమ్మకి నలుగురు కొడుకులం. మీ అమ్మకి నువ్వొక్కడివే. పోనీలే" అన్నాడు.

తిట్టి ఉంటే ఆ రోజు తిండి సయించేది.

ఈ ఉత్తరం నీకు చదివిపెడుతున్న ఫాదరుగారినే అడుగు, ఆదివారం గుళ్లో అందరూ వినేలా చదవమని. నీకెంత తలవంపో తెలుసు. అయినా చదివించు.

లోవ్రేకి చదువు రాదు కనుక రాసినంతా వినిపించాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీళ్లు మహా చల్లగా ఉన్నాయని కూడా రాయరా. ఎవడికైనా మతిపోతుంది" అన్నాడు.

రాశాను. కానీ అమ్మా, ఆ నీళ్లు వాడికీ అంతే చల్లగా ఉన్నాయి.

ఇట్లు,
నీ ముఖం చూడలేని నీ కొడుకు,
యెర్కో