వెనక్కి రాని ఫోటో

ప్రియమైన పొడుగు లెన్స్ వదినకి,

నీ కొంగ ఫోటో అందింది. మన రూలు ప్రకారం వెనక తీర్పు రాసి ఇదే కవర్లో తిప్పి పంపుతున్నాను. "ముక్కు చివర నీటిబొట్టు కూడా లెక్కపెట్టొచ్చు. ఇది ఫోటో కాదు, పొగరు." అబద్ధమెందుకు, చూడగానే కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

నువ్వు మామయ్య కూతురివై నాకంటే నాలుగేళ్ళు ముందు పుట్టడం వల్ల నాకు ఒరిగిందేమిటో తెలుసా? నీ పొట్టయిపోయిన గౌన్లు, నీ గొలుసు ఊడే సైకిలు, నువ్వు అప్పటికే జవాబులు రాసేసిన లెక్కల పుస్తకాలు. చివరికి నా కెమెరా కూడా నీ పాతదే. ఫోటో క్లబ్‌లో ఎవరో ఒకరికే ఇచ్చే ప్రదర్శన గోడా ముందు నీకే వచ్చింది. లైబ్రరీ హాల్లో పది ఫోటోలు, కింద నీ పేరు. ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అరిచేతులు మండాయి. మిగతాది కూడా మండింది.

ఈసారి గోడ ఎవరిదో ఆరు నెలల్లో తేలుస్తారట. అది నాకు కావాలి వదినా. పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని, బుగ్గ పట్టుకుని వచ్చేవాళ్ళకు టోకెన్లు ఇవ్వడం కాక నాకు ఇంకోటి కూడా వచ్చని ఒక్కసారి గోడ మీద చూసుకోవాలి.

నేను మిగిల్చింది ఒక్క లెన్స్‌కే సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్ షాపులో రెండున్నాయి. ఒకటి ముప్ఫై అయిదు నంబరుది, బొటనవేలంత. అందులో జూమ్ ఉండదు. మనిషి పెద్దగా కనబడాలంటే మనమే నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళాలి. రెండోది నీదానిలా పొడుగుది, దూరం నుంచే మనిషిని లాగేసుకుంటుంది. కానీ లోపలి అద్దానికి బూజు పట్టింది. "రెండ్రోజులు ఎండలో పెడితే పోతుందమ్మా" అన్నాడు షాపాయన. "మీ షాపు ముందు ఎండ లేదా?" అన్నాను. అప్పట్నుంచీ నా మొహం చూడటం లేదు.

ఏది కొనను? ఫోన్ చేయకు, రెండో నిమిషానికి కొట్టుకుంటాం. రాయి.

అన్నట్టు, తాళంచెవులు చేసే తాత ఫోటో పంపి మూడు వారాలైంది. ఇంకా తిరిగి రాలేదు. రూలు రూలే.

కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్న
నీ మరదలు


ప్రియమైన చిటపటకి,

బూజు పట్టిన లెన్స్ ముట్టుకోకు. అది ఎండకు పోదు, పక్కనున్న లెన్స్‌కి కూడా అంటుకుంటుంది.

చిన్నది కొనడం దండగ. నీ కెమెరాతో వచ్చిన జూమ్ లెన్స్ తిప్పితే ముప్ఫై అయిదు నంబరు ఎలాగూ వస్తుంది. ఉన్నదాన్నే మళ్ళీ కొనుక్కుంటారా ఎవరైనా? లేనిది కొనుక్కో. నీకు కావలసింది పొడుగుదే.

షాపుదీ వద్దు. నాది తీసుకో. నువ్వు ఎంత మిగిల్చావో అంతే పంపు, బేరం లేదు. ఆఫీసులో రోజంతా ఇళ్ళ ప్లాన్లు గీసి సాయంత్రానికి మెడ పట్టేస్తోంది, ఆ బరువు మోయలేకపోతున్నాను.

తాత ఫోటో ఎక్కడో పెట్టాను. వెతుకుతాను.

నీ మంచి కోరే
వదిన


ప్రియమైన వదినకి,

పార్సిల్ వచ్చింది. ఎన్ని పొరలు చుట్టావే తల్లీ, విప్పేసరికి నా భోజనం టైము అయిపోయింది. క్లినిక్‌లో డాక్టర్‌గారు తొంగిచూసి, "ఏమిటది, ఫ్లాస్కా?" అన్నారు. ఎంత బరువుందో! నీ మెడ మీద మొదటిసారి జాలి కలిగింది. ఒక్క క్షణం.

అమ్మ మాత్రం, "మళ్ళీ వదిన వాడి వదిలేసిందేనా?" అంది. ఆ ముల్లు అలాగే దిగబడి ఉంది. నిజం చెప్పు, నువ్వింకేదో పెద్దది కొనేసి, ఇది నాకు తోసేశావు కదూ?

అయినా ఏమాటకామాటే. మేడ మీద నుంచి చూస్తే వీధి చివర అరుగు మీద కూర్చున్నాయన చేతి గడియారంలో టైము కనిపిస్తోంది. ఆయనకు నేనున్నట్టే తెలియదు. ఎవర్నీ అడగక్కర్లేదు, నవ్వక్కర్లేదు, పలకరించక్కర్లేదు. నాలుగు ఫోటోలు పంపుతున్నాను. చూసి కుళ్ళుకో. ఇన్నేళ్ళకు ఈ అవకాశం నీకిస్తున్నాను.

తాత ఏడీ?

గెలవబోతున్న
నీ మరదలు


ప్రియమైన చిటపటకి,

నాలుగూ చాలా బాగున్నాయి. వెనక అదే రాశాను. ఇలాగే తియ్యి, ఇంకా దూరం నుంచి ప్రయత్నించు.

నేనేమీ కొనలేదు. తాత ఫోటో కనిపించలేదు.

వదిన


వదినా,

ఈసారి 'ప్రియమైన' రాయలేదు. ఎందుకో ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది.

నిన్న క్లబ్ మీటింగ్. నా పది ఫోటోలూ బల్ల మీద పరిచాను. అయిదు నెలల పని. మన ప్రెసిడెంటు, కళ్ళ డాక్టర్‌గారు, కళ్ళజోడు నుదుటి మీదకు తోసి ఒక్కొక్కటీ చూశారు. "బాగున్నాయమ్మా" అన్నారు. అప్పుడు, "మీ వదిన ఎప్పుడొచ్చింది ఊళ్ళోకి?" అని అడిగారు.

అవి నీ ఫోటోలనుకున్నారు. ఒక్కటి కాదు, పదీ.

నావేనని చెప్పాను. ఆయనకు మొహం చెల్లలేదు. "మరి నీ మనుషులేరమ్మా? ఆ ఇస్త్రీ చేసే ఆవిడ, ఆ చెప్పులు కుట్టేవాళ్ళ బాబు?" అన్నారు. నెల గడువిచ్చారు. వచ్చేస్తుంటే వెనక నుంచి, "లెన్స్ కొనేముందు ఆ లెక్క చూసుకోలేదా?" అని అడిగారు. ఏ లెక్క అన్నాను. ఫోటో తీసినప్పుడు జూమ్ ఏ నంబరు దగ్గర ఉందో కెమెరా ప్రతి ఫోటోతోనూ దాచిపెడుతుందట. మనకు బాగా నచ్చినవన్నీ ఏరి, వాటి నంబర్లు చూసుకుంటే ఏ లెన్స్ కొనాలో అవే చెబుతాయట.

ఇంటికి వచ్చి చూసుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు నచ్చినవని విడిగా దాచుకున్నవి నలభై. మూడు తప్ప అన్నీ ముప్ఫై అయిదు దగ్గరే. ఆ బొటనవేలంత లెన్స్ నంబరే వదినా, నువ్వు దండగన్నది.

అసలు సంగతి ఇది కాదు. "ఈ లెక్క మీకెవరు చెప్పారు సార్?" అని అడిగితే ఆయన నవ్వి, "మీ వదినే. క్లబ్‌లో అందరికీ తనే నేర్పింది" అన్నారు.

అందరికీ చెప్పిన లెక్క నాకెందుకు చెప్పలేదు? మర్చిపోయావా? మర్చిపోయానని రాస్తే నమ్ముతాను. నమ్మాలనే ఉంది.

మరదలు


చిటపటా,

మర్చిపోలేదు.

పోయినేడు నీ కంప్యూటర్ మొరాయించినప్పుడు, ఫోటోలన్నీ పంపి నన్ను దాచమన్నావు గుర్తుందా? ఏ లెన్స్ కొనాలని అడిగిన నీ ఉత్తరం అందిన రోజే వాటిని తెరిచి ఆ లెక్క చూశాను. పది నిమిషాల్లో తేలిపోయింది. తర్వాత కూర్చుని నీకు దానికి సరిగ్గా ఎదురు రాశాను. బేరం లేకుండా నా లెన్స్ ఇచ్చాను. ఎంత మంచి వదిననో అని నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

నాలా దూరంగా నిలబడితే నువ్వూ నాలాగే తీస్తావనుకున్నాను. అలాగే తీశావు. ఆ నాలుగు ఫోటోలు చూసి ఆ పూట హాయిగా తిన్నాను. తర్వాత తిండి సయించలేదు.

ఇంకోటి. ఏమీ కొనలేదన్నది అబద్ధం. నీ డబ్బుతో అలాంటి చిన్న లెన్సే ఇక్కడ నేను కొనుక్కున్నాను. లెన్స్‌లోనే ఏదో ఉందనుకున్నాను. మా వీధి దర్జీ దగ్గరికి వెళ్ళి, రెండడుగుల దూరంలో నిలబడి కెమెరా ఎత్తాను. కుట్టు ఆపేసి, బిగుసుకుపోయి, "ఏమ్మా, మున్సిపాలిటీ వాళ్ళా? షెడ్డు తీయించేస్తారా?" అన్నాడు. పూలమ్మాయి తల పక్కకు తిప్పుకుంది. నెల తిరిగాను. ఒక్క మొహమూ విచ్చుకోలేదు. కొంగలు నన్నేమీ అడగవు, అందుకే నాకు కొంగలు.

తాత ఫోటో పోలేదు. వచ్చిన రోజే వెనక తీర్పు రాశాను. రాసింది చదువుకుని పంపలేకపోయాను. ఈ పార్సిల్‌లో ఉంది, చిన్న లెన్స్ కూడా. దాని డబ్బు నువ్విచ్చిందే కాబట్టి అది నీదే. ఇంకా నెల ఉందన్నావు.

ఏం తిట్టినా పడతాను.

వదిన


ప్రియమైన వదినకి,

పార్సిల్ విప్పి, తాత ఫోటో తిప్పి చూశాను. "ఈయన కెమెరాని చూసి నవ్వడం లేదు, నిన్ను చూసి నవ్వుతున్నాడు. నన్ను చూసి ఇలా ఎవరూ నవ్వలేదు." నువ్వు నాకు రాసిన తీర్పుల్లో ఇంత మంచిది లేదు. దాన్నే ఆరు నెలలు సొరుగులో పెట్టావు.

నెల రోజులు నిన్ను తిడుతూనే తిరిగాను. ఇస్త్రీ ఆవిడ దగ్గర నీ మీద చాడీలు చెబుతుంటే, ఆవిడ పెట్టె పక్కన పెట్టి పగలబడి నవ్వింది. తీసేశాను. క్లినిక్‌లో పన్ను పీకించుకున్న పెద్దాయనకు నీ సంగతి చెబితే, దూది నోట్లో ఉండగానే, "మా తమ్ముడూ ఇంతే" అన్నాడు. అదీ తీశాను. నిన్ను తిట్టడం వల్ల తొమ్మిది ఫోటోలొచ్చాయి. గోడ నాకిచ్చారు.

క్షమించానని రాయను, ఇంకా మంటగానే ఉంది. కానీ నేనూ ఒకటి చెప్పాలి. అప్పట్లో నీ గోడ మీద మూడో ఫోటో వంకరగా ఉండేది. హాల్లోకి అడుగుపెట్టగానే చూశాను. చెయ్యి చాస్తే అందేది. చప్పట్లు కొట్టాను, వారం రోజులూ దాని పక్క నుంచే నడిచాను, సరిచేయలేదు. ఇంటికి వచ్చి దాన్ని తలుచుకుని హాయిగా నిద్రపోయాను.

నీ పొడుగు లెన్స్ ఇక్కడే ఉంది. పోస్టులో పంపను. వచ్చి తీసుకెళ్ళు. వచ్చే ఆదివారం పదింటికి హాలు తెరుస్తారు. పదో ఫోటో తాళంచెవుల తాతది. నువ్వు పంపిందే, కొత్త ప్రింటు వేయించలేదు. నీ రాత గోడ వైపుకి ఉంది, మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

దాన్ని కావాలనే కొంచెం వంకరగా తగిలించాను. సరిచేస్తావో, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతావో నీ ఇష్టం. నేను రెండడుగుల దూరంలో కెమెరా పట్టుకుని ఉంటాను.

నీ మరదలు